దోర్నకల్ అయ్యగారు, మా అన్న ట్రాన్స్‌ఫర్ లెటర్

మా అన్న పాస్టర్. లాలాగూడ రైల్వే వర్క్‌షాప్ పక్కన పుట్టి పెరిగినవాడు. వాడికి వచ్చిన మొదటి సంఘం భద్రాచలం దాటాక ఒక పల్లె. రోజుకి రెండు బస్సులు. ఆదివారం వచ్చేది పాతికమంది లోపే. ఆర్నెల్లకి ఫోన్ చేసి, "నావల్ల కాదురా. సిటీకి ట్రాన్స్‌ఫర్ అడుగుతా, లెటర్ టైప్ చెయ్" అన్నాడు. ఇక్కడ అమ్మకి బీపీ. అది కూడా వాడి బాధే.

లెటర్ పంపేముందు రిటైరైన పెద్దయ్యగారికి ఒకసారి చెప్దామన్నా. ముగ్గురం కాన్ఫరెన్స్ కాల్‌లో కలిశాం. నేనేమో లెక్చర్ ఉంటుందనుకున్నా. ఆయన అడిగింది ఒకటే: "ఆ ఊళ్లో ఆదివారం పత్తి ఏరతారా?" అన్న అవునన్నాడు. "మరి పొద్దున తొమ్మిదింటికి ఆరాధన పెడితే ఎవరొస్తారు నాయనా? రాత్రికి మార్చు. ప్రతి ఇంట్లోవాళ్ల పేర్లూ నోట్‌బుక్‌లో రాసుకో. ప్రసంగం సంగతి తర్వాత."

ఆ తర్వాత అజరయ్య గురించి చెప్పారు. మన సికింద్రాబాద్ నుంచి కాజీపేట మీదుగా విజయవాడ వెళ్తుంటే దోర్నకల్ జంక్షన్ వస్తుందే, అక్కడి బిషప్. తిరునెల్వేలి వైపు తమిళాయన. 1909లో దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవికి వచ్చిన తొలి భారతీయుడు ఆయనే. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరోలో విదేశీ మిషనరీల ముందే నిలబడి, మీ త్యాగాలు సరే, మాకు స్నేహితులు కావాలి అని అడిగేశారు. ఆ ధైర్యం నాకు భలే నచ్చింది. పల్లెలకి పంపబోయే అయ్యగార్లతోపాటు వాళ్ల భార్యలకీ శిక్షణ ఇప్పించారు. దూరంగా వెళ్లేవాడు ఒంటరైపోతాడని తెలిసిన మనిషి అనిపించింది. మా అన్నకి ఇంకా పెళ్లి కాలేదు, అది వేరే సంగతి!

ఆ రాత్రి తిమోతి పత్రికలు తెరిచా. ఎఫెసులో ఉన్న కుర్రాడికి పౌలు రాసినవి. చిన్నవాడివని ఎవరూ నిన్ను తక్కువ చూడకుండా నడుచుకో అంటాడు, సరే. కడుపు బాగుండట్లేదు కదా, వట్టి నీళ్లే కాకుండా కొంచెం ద్రాక్షారసం తీసుకో అని కూడా అంటాడు. త్రోయలో వదిలేసిన తన అంగీ తెమ్మంటాడు, చలికాలం రాకముందే వచ్చేయమంటాడు. మా మేనేజర్ ఏ మెయిల్‌లోనూ నా కడుపు గురించి అడగలేదు. సలహా ఇచ్చేవాడికి అవతలివాడి ఒంట్లో ఎలా ఉందో తెలిసి ఉండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. పెద్దయ్యగారు కూడా ఫోన్ పెట్టేముందు, "వంట ఎవరు చేస్తున్నార్రా?" అని అడిగారు. అన్న కాసేపు మాట్లాడలేదు.

ఆరాధన ఇప్పుడు రాత్రి ఏడున్నరకి. మొన్న నలభై మంది దాకా వచ్చారట, సగం మంది నిద్రమత్తులోనే అని నవ్వాడు. నోట్‌బుక్‌లో పేర్లు అరవై దాటాయి. అమ్మ మాత్రం రోజూ అడుగుతూనే ఉంది, వాడెప్పుడొస్తాడని. లెటర్ నా ల్యాప్‌టాప్‌లో డ్రాఫ్ట్‌గానే ఉంది. పత్తి అయిపోయాక చెప్తానన్నాడు, పంపాలో వద్దో.