ఉమ్మెత్త తాగిన రాత్రి

బెల్లంపల్లిల ఉమ్మెత్త కోసం ఎవరూ వెతకరు. మూతపడ్డ బొగ్గుబాయిల పక్కన, రైలుపట్టాల పొంట, మోరీల గడ్డల మీద అదే మొలుస్తది. వినాయక చవితికి ఇరవై ఒక్క పత్రిల అదొకటి గనుక ఆ ఒక్కనాడు పిల్లలు తెంపుకపోతరు. మిగతా దినాలు దాని దిక్కు ఎవరూ చూడరు.

మా ఇంట్ల మాత్రం అది మందు. మా బాపు కోల్‌ఫిల్లర్. టబ్బులు నింపి నింపి రిటైరైనంక ఆయనకు మిగిలింది దమ్ము రోగం. రాత్రిపూట ఆయాసం లేస్తే ఎండిన ఉమ్మెత్తాకు నలిపి, తునికాకుల చుట్టి పొగ గుంజేటోడు. కొంచెంసేపటికి ఛాతీ పట్టు విడిచేది. అది ఉత్త నమ్మకమని నేననను. ఆ ఆకుల ఉండే అట్రోపిన్, స్కోపలమైన్ ఊపిరి గొట్టాల చుట్టున్న కండను వదులు చేస్తయి. మద్రాసుల డాక్టర్ జేమ్స్ ఆండర్సన్ ఈ పొగను ఆస్తమాకు వాడమంటే, జనరల్ జెంట్ అనే సైన్యాధికారి 1802ల దాన్ని ఇంగ్లండుకు పట్టుకపోయిండు. తర్వాత వందేండ్లకు పైగా అక్కడి మందుల దుకాణాల్ల ఉమ్మెత్త జాతి ఆకు సిగరెట్లు అమ్ముడుపోయినయి.

బాపు పోయినంక ఆ రోగం నాకు పట్టుకున్నది. ఒక ముసురు రాత్రి ఇన్‌హేలర్ ఖాళీ అయింది. మంచంల కూసొని రెండు చేతులు ముంగటికి ఆనించి ఊపిరి కోసం కొట్లాడుతున్న. బాపుతోటి బాయిల పనిచేసిన కాక ఒకాయన వచ్చి, "పొగతోటి ఏమైతది బిడ్డా, ఇది తాగు" అని గ్లాసు అందిచ్చిండు. ఊపిరాడని మనిషి గ్లాసుల ఏమున్నదని అడగడు. అండ్ల ఉమ్మెత్త గింజలు మరిగిచ్చిన్రని తర్వాత తెలిసింది.

ముందుగాల నోరెండింది. నాలుక కట్టె అయి నీళ్లు మింగుడు పడలే. ఒళ్లు కాలిపోతున్నది, ఒక్క చుక్క చెమట లేదు. గుండె చెవులల్ల కొట్టుకున్నది. దీపం చుట్టూ అన్నీ మసకలే. నాకు యాదికున్నది అంతవరకే. తర్వాతి సంగతి నా భార్య చెప్పింది.

లేచి ఫస్ట్ షిఫ్టుకు పోవాలె, లాంతరు తీయమన్ననట. నేనెన్నడూ బాయిల దిగినోణ్ణి కాదు. గోడ దిక్కు చూసుకుంట బాపుతోటి ముచ్చట పెట్టిన. వేళ్లు ఒక్క తీరుగ ఆడుతనే ఉన్నయి, గాలిల నుంచి ఏదో గుంజినట్టు, చుట్టినట్టు. మా అవ్వ బీడీలు చేసేది. ఆమె చుట్టే తీరే అదని, లేని దారం కొస పంటితోటి తెంపుతున్ననని గుర్తుపట్టింది మా అక్క. తలుపు దిక్కు ఉరికితే చీరతోటి మంచానికి కట్టేసిన్రు.

"ఏం కనవడ్డదే? దేవుడా?" అని వాడకట్టోళ్లు ఇప్పటికీ అడుగుతరు. శివునికిష్టమైన పువ్వు గదా, ఏదో గొప్ప దర్శనం అయ్యుంటదని వాళ్ల ఆశ. అమెరికాల, ఇంగ్లండుల సైలోసైబిన్ పుట్టగొడుగుల మందును డిప్రెషన్‌కు పరీక్షిస్తున్నరని చదివిన పిలగాళ్లు ఇది గూడ అసొంటిదేనా అంటరు. కాదు. ఆ మందు తీసుకున్నోళ్లకు కనవడేది మందు పనేనని చాలామట్టుకు ఎరుకుంటదట. ఉమ్మెత్తల ఆ ఎరుకే పోతది. గోడల బాపు ఉన్నడంటే ఉన్నడు, అంతే. తర్వాత తలుచుకొని ఓదార్పు పొందుదామన్నా ఆయన ఏమన్నడో నా దగ్గర ఒక్క మాట లేదు.

ఆటోల మంచిర్యాల దవాఖానకు తీస్కపోయిన్రు. డాక్టరమ్మ టార్చి వేసి కండ్లు చూడంగనే, "ఉమ్మెత్త ఏమన్న ఇచ్చిన్రా?" అని అడిగిందట. కంటిపాపలు అంత పెద్దగైనయి. కడుపు ఉబ్బింది, మూత్రం రాలే, గొట్టం వేసిన్రు. ఒళ్లు చల్లబడేదాక తడిబట్టలు వేసి, గిలగిల తగ్గడానికి మత్తుసూది ఇచ్చిన్రు. ఎక్కువ భాగం ఒంట్లకెళ్లి విషం దిగేదాక కనిపెట్టుకొని ఉండుడే వైద్యం.

తెలివి వచ్చినంక చూస్తే పక్క మంచంల ఒక పత్తి రైతు. పురుగుమందు తాగిండు. ఆయన నోట్లె నురగ, ఊపిరితిత్తుల నిండ నీరు, కంటిపాపలు గుండుసూది మొనంత. నా నోట్లె తడి లేదు, పాపలు రూపాయిబిళ్లలు. డాక్టరమ్మ ఆయన సెలైన్‌ల ఎక్కిస్తున్న మందు పేరు అట్రోపిన్. "నీకు ఎక్కువైందే ఆయనకు సాలుత లేదు" అన్నది. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు నరాలను ఆగకుండ ఉసికొల్పుతది, అట్రోపిన్ దాన్ని అణుస్తది. పత్తి పండే మా జిల్లాల ఎన్ని పానాలను అది నిలిపిందో. ఎక్కించేది మాత్రం గంట గంటకు నాడి, కంటిపాప, ఛాతిల చప్పుడు చూసి. కషాయానికి ఆ కొలత యాడిది? చెట్టుకొక తీరు, ఆకుకొక తీరు, గింజకొక తీరు విషం.

నా ముక్కుకు పెట్టిన నెబ్యులైజర్‌ల ఉన్న ఇప్రట్రోపియం గూడ అట్రోపిన్ వంశమే. పీల్చితే రొమ్ముల పనిచేస్తది, మెదడు దాక దాదాపు పోదు. అణువునే అట్ల మార్చిన్రు. ఇప్పటికీ దమ్ము బాగ లేస్తే అదే పీలుస్త. దగ్గరి అక్షరాలు కనవడడానికి మాత్రం ఇంకొన్ని దినాలు పట్టింది.

నన్ను ఇంటికి పంపే ముందటి రాత్రి రైతు దుప్పటి అంచు గిల్లుడు మొదలుపెట్టిండు. ఆయన భార్య నిద్రల ఉన్నది. నా భార్య ఒక్క నిమిషం ఆ వేళ్ల దిక్కు చూసి, ఉరికి సిస్టర్‌ను లేపుకొచ్చింది. "మేడం, ఆయనకు గూడ ఎక్కువైతున్నది, చేతులు చూడున్రి." సిస్టర్ కంటిపాప చూసింది, డాక్టరమ్మకు ఫోన్ చేసింది, చుక్కలు తగ్గించింది.