నల్లమల దారిలో మూగబోయే పాట

హైదరాబాదు నుండి శ్రీశైలం వెళ్ళే రహదారి డిండి జలాశయాన్ని, హాజీపూరును దాటి మన్ననూరు చేరుతుంది. అక్కడి తనిఖీ కేంద్రానికి అవతల ఉన్నది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు ఈ దారిన వాహనాలను పోనివ్వరు. గేటు తెరిచే వేళకు యాత్రికుల కార్లు బారులు తీరి ఉంటాయి. ఇంటర్నెట్టు నుండి ఫోనులోకి, ఫోను నుండి కారులోకి భక్తిగీతాలు ప్రవహిస్తుంటాయి.

అడవి చిక్కబడేకొద్దీ పాట తడబడుతుంది, చివరకు ఆగిపోతుంది. బ్లూటూత్ పాడైందంటారు కారులోనివారు. డ్రైవరు ఒక చేత్తో ఫోను తడుముతాడు. ఎదుట మలుపు, మలుపు అవతల దారి దాటే కొండముచ్చో, దుప్పియో. ప్రమాదం పొంచి ఉండేది అక్కడే.

నిజానికి ఆ పాట రెండు వంతెనలు దాటి వస్తుంది. మొదటిది టవరు నుండి ఫోనుకు. అది మైళ్ళ దూరం. రెండవది ఫోను నుండి కారులోని ఆడియో సెట్టుకు. అది బారెడు దూరం. బ్లూటూత్ అనేది ఈ రెండవదే. దానికి టవరుతో నిమిత్తం లేదు. అడవి తెంచేది మొదటి వంతెనను. నింద మోసేది రెండవది.

తెగినది ఏదో తెలుసుకోవడం సులభం. ముందే ఫోనులో దాచుకున్న పాటను పెట్టి చూడాలి. అది నిరాటంకంగా మోగితే లోపం నెట్‌వర్కుదే. అదీ తడబడితే కారణం కారులోనే ఉన్నది. లోగడ ఆ కారుతో జతకూడిన మరొకరి ఫోను ముందుగా కలిసిపోయి ఉండవచ్చును. దాని బ్లూటూత్‌ను ఆపాలి. ఫోను సంభాషణ వినిపించి పాట వినిపించకపోతే, సెట్టింగులలో ఆ కారు పేరు కింద మీడియా ఆడియో ఆపి ఉన్నదేమో చూడాలి. బ్యాటరీ పొదుపు ఏర్పాటు సైతం పాటను నడుమ ఆపవచ్చును. ఏదీ ఫలించనిచో ఫోనులో కారు పేరును, కారులో ఫోను పేరును తొలగించి, మరల కొత్తగా జతచేయాలి.

ఇదంతా కొద్ది నిమిషాల పని. మన్ననూరులో బండి నిలిచి ఉన్నప్పుడే ముగించవలసిన పని.

గేటు దాటిన పిదప పాట ఆగినా ఆగనీయవచ్చును. వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంటల మీదుగా దారి కృష్ణా లోయలోకి దిగుతుంది. కారు అద్దం కాస్త దించితే చాలు. చెంచులు తరతరాలుగా వింటున్న అడవి సవ్వడి చెవిని పడుతుంది. దానికి ఏ వంతెనా అక్కరలేదు.