తులాధారుని తక్కెడ



ఏ శాస్త్రగ్రంథాన్ని ఆరంభించినా ముందుగా అనుబంధ చతుష్టయాన్ని నిరూపించడం మన పూర్వుల సంప్రదాయం. ఈ గ్రంథానికి అధికారి ఎవడు, ఇందలి విషయం ఏది, గ్రంథానికీ విషయానికీ గల సంబంధం ఎట్టిది, దీనివల్ల ప్రయోజనం ఏమి? ఈ నాలుగింటికి సమాధానం దొరకనిదే బుద్ధిమంతుడు గ్రంథం తెరవడు. సికింద్రాబాదు సమీపంలోని కాప్రాలో నివసించే ఒక గృహస్థు తన యాభయ్యవ ఏట, ఉద్యోగం చేస్తూనే, వాణిజ్య నిర్వహణ శాస్త్రంలో పీహెచ్‌డీ కోసం ప్రతిపాదన సమర్పించారు. అక్కడి పరిశోధనా సంఘం వారు అడిగిన ప్రశ్నలు పేర్లు వేరైనా ఇవే. మొదటి మూడింటికీ ఆయన తడుముకోకుండా బదులిచ్చారు. నాల్గవదానికి మాత్రం కాగితం మీద వ్రాసుకొన్న వాక్యాన్నే చదివి వచ్చారు. ఆ వాక్యం తన నోటికే రుచించలేదని చాలాకాలం తరువాత ఆలయ మండపంలో కూర్చుండి ఒప్పుకొన్నారు.

కాప్రా ఒకప్పుడు చెరువు, పొలాలు గల గ్రామం. 1967లో ఈసీఐఎల్ స్థాపితమైన తరువాత ఈ ప్రాంతపు స్వరూపమే మారింది. ఆ సంస్థకు ఆద్యుడైన డాక్టర్ ఎ.ఎస్. రావు గారి పేరుతోనే పక్క కాలనీ నేటికీ పిలువబడుతున్నది. కుషాయిగూడ, చర్లపల్లి, మల్లాపూర్ పారిశ్రామిక వాడలలో ఒక లేతు యంత్రం, ఒక డ్రిల్లింగ్ యంత్రం పెట్టుకొని పెద్ద సంస్థలకు విడిభాగాలు చేసి ఇచ్చే చిన్న చిన్న షెడ్లు వెలిశాయి. ఈ గృహస్థు తండ్రిగారిదీ అటువంటి షెడ్డే. సరుకు అందజేసిన తరువాత సొమ్ము చేతికి రావడానికి ఆరు నెలలు, ఒక్కొక్కసారి ఏడాది పట్టేది. అమ్మగారి చంద్రహారం తాకట్టుకు వెళ్ళింది, తిరిగి రాలేదు. కొన్నాళ్ళకు షెడ్డు కూడా మూతపడింది. కుమారుడు మాత్రం బాగా చదువుకొని ఒక ప్రైవేటు సంస్థ కొనుగోళ్ళ విభాగంలో ఉన్నతోద్యోగి అయ్యారు. తండ్రి ఏ బల్లకు ఈవల చేతులు కట్టుకొని నిలబడ్డారో, కుమారుడు అటువంటి బల్లకే ఆవల కూర్చున్నారు. ఇరవై అయిదేళ్ళపాటు ఈ సంగతి ఆయనకు తోచనే లేదు.

ఆయనను ఈ మార్గంలోకి తెచ్చినది జిజ్ఞాస కాదు, లోకైషణ. ఆ మాటా ఆయనదే. పేరుకు ముందు 'డాక్టర్' అన్న అక్షరాలుంటే కుమార్తె శుభలేఖలో బాగుంటుందని మొదట తోచిందట! వాణిజ్యంలో డాక్టరేట్ అన్నది అంత ప్రాచీనమైనదేమీ కాదు. అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయం 1922లో తొలి పట్టాన్ని ఇచ్చింది. మన దేశంలో ఐఐఎంలకు 2017 నాటి చట్టం వచ్చేదాకా డిగ్రీ ఇచ్చే అధికారమే లేదు. వారు 'ఫెలో' అనే బిరుదుతో సరిపెట్టేవారు. ఇక 2022 నవంబరులో యూజీసీ ప్రకటించిన నియమాలు ఉద్యోగస్థులకు ద్వారం తెరిచే ఉంచాయి. అయితే యజమాని నుండి నిరభ్యంతర పత్రం ఉండాలి, కోర్సు వర్కు పూర్తి చేయాలి, ప్రతి సెమిస్టరుకూ సలహా సంఘం ఎదుట నిలబడి చేసిన పని చూపాలి. కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళు గడువు. దూరవిద్యలో గాని, ఆన్‌లైన్‌లో గాని పీహెచ్‌డీ చెల్లదు. గురుసన్నిధి లేని విద్యను ఈ ఒక్క విషయంలోనైనా ప్రభుత్వం ఒప్పుకోకపోవడం సంతోషదాయకం.

ఆయన మార్గదర్శకురాలు ఆయనకంటె పదమూడేళ్ళు చిన్న. ఆయన ఆమెను 'మేడమ్' అంటారు, ఆమె ఆయనను 'సర్' అంటారు. తొలిసారి తన అధ్యాయం ఎర్రసిరా గీతలతో తిరిగి వచ్చినప్పుడు ఆయనకు రాత్రంతా నిద్ర పట్టలేదు. మనుస్మృతి ద్వితీయాధ్యాయంలో ఆంగిరసుడైన కవి వృత్తాంతం ఉంది. బాలుడైన ఆయన తన పితృస్థానీయులకు వేదం చెబుతూ వారిని 'బిడ్డలారా' అని సంబోధించాడు. వారు కినిసి దేవతలను అడిగితే, బాలుడు సరిగానే పిలిచాడు, అజ్ఞుడే బాలుడు, మంత్రం ఇచ్చినవాడే తండ్రి అని దేవతలు తీర్పు చెప్పారు. ఈ కథ విన్న తరువాతనే ఆయన ఆ ఎర్రగీతలను మొదటి నుండి చివరి దాకా చదవగలిగారు.

నాలుగు గంటలకు మేల్కొని, సంధ్య వార్చుకొని, ఏడింటి దాకా పరిశోధన, ఆపైన ఉద్యోగం. ఆదివారాలలో బంధుగృహాలకు వెళ్ళడం మానుకొన్నారు. ఇల్లాలు మొదటి ఏడాది సహించింది, రెండవ ఏడాది మౌనం వహించింది. అమ్మగారు మాత్రం 'వీడికి ఈ వయసులో పరీక్షలేమిటర్రా' అని వచ్చినవారందరితో చెప్పి నవ్వేవారు. ఛాందోగ్యంలో సత్యకామ జాబాలునికి గురువు పాఠం చెప్పలేదు. బక్కచిక్కిన నాలుగు వందల ఆవులను అప్పగించాడు. అవి వేయి అయ్యే దాకా వాటి వెంట తిరిగిన ఆ బాలునికి వృషభమూ, అగ్నీ, హంసా, మద్గుపక్షీ బ్రహ్మవిద్యను ఉపదేశించాయి. చేస్తున్న పనిలోనే విద్య వచ్చి మాట్లాడింది. నేడు ఇంతటి ఓపిక ఎవరికుంది? ఇంత సొమ్ము ఇస్తే సిద్ధాంత గ్రంథాన్నే వ్రాసి ఇస్తామని, పోలికలను పట్టే సాఫ్ట్‌వేరుకు కూడా చిక్కకుండా చేస్తామని ఆయనకు రెండుసార్లు ఫోన్లు వచ్చాయి. రెండవసారి ఆయన వెంటనే కాదనలేదట. 'ఆలోచించి చెబుతాను' అన్నారట. ఆ ఒక్క మాటకు పశ్చాత్తాపపడి మరునాడు ఉపవసించారు.

ఆయన ఎన్నుకొన్న విషయం లఘు పరిశ్రమలకు పెద్ద సంస్థలు చేసే చెల్లింపులలోని ఆలస్యం. 2006 నాటి సూక్ష్మ, లఘు, మధ్యతరహా పరిశ్రమల చట్టం ప్రకారం సరుకు స్వీకరించిన 45 రోజులలోగా సొమ్ము ఇవ్వాలి. లిఖితపూర్వకమైన ఒప్పందం లేకపోతే 15 రోజులే. తప్పితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా లెక్కగట్టి చక్రవడ్డీ చెల్లించాలి. 2024 ఏప్రిల్ 1 నుండి ఆదాయపు పన్ను చట్టం కూడా తోడైంది: గడువు దాటించిన సంస్థ ఆ మొత్తాన్ని నిజంగా చెల్లించేదాకా ఖర్చుగా చూపలేదు. ఇన్ని ఉన్నా, వడ్డీ అడిగిన చిన్న పరిశ్రమదారు అరుదు. అడిగితే మరుసటి ఆర్డరు రాదు.

చర్లపల్లిలో ప్రశ్నావళి పట్టుకొని ఒక షెడ్డుకు వెళ్ళినప్పుడు జరిగినది ఇది. డెబ్బై ఏళ్ళ వృద్ధుడు లేతు ఆపి, చేతులు తుడుచుకొని, ఆయన చెప్పినదంతా శ్రద్ధగా విన్నాడు. ఆయన పనిచేసే సంస్థ పేరు తెలిశాక మాత్రం ముఖం మారింది. "సారూ, మీరు అడిగేదంత చెప్త. గని మీ ఆఫీసులనే మా బిల్లు తొమ్మిది నెలల సంది ఉన్నది. ముందుగాల గది జూడుండ్రి" అని మళ్ళీ యంత్రం వేసుకొన్నాడు. ఆ చప్పుడులో ఇక మాట వినబడదు.

మరునాడు ఆయన తన కార్యాలయపు పుస్తకాలు తెరిచారు. వృద్ధుని సరుకు గేటు దాటి లోపలికి వచ్చిన తేదీ ఒకటి. జీఆర్ఎన్ అని పిలిచే స్వీకృతిపత్రం మీది తేదీ అయిదు నెలల తరువాతిది. గడువును ఆ రెండవ తేదీ నుండి లెక్కిస్తారు. ఆ తరువాత బిల్లులోని ఒక అంకె సరిపోలేదన్న నెపంతో మరి నాలుగు నెలలు. స్వీకృతిపత్రం అడుగున ఉన్నది ఆయన సంతకమే. ఆ ఒక్క బిల్లే కాదు, వెదకిన కొద్దీ అటువంటివే. ఎవరూ ఆయనను అలా చేయమనలేదు. ఆ విభాగంలో చేరిన నాటి నుండి అదే వాడుక, అంతే.

మహాభారత శాంతిపర్వంలో జాజలి అనే తపస్వి కదలక నిలిచి తపస్సు చేయగా అతని జటలలో పక్షులు గూడు కట్టి పిల్లలు చేశాయి. 'ధర్మాన్ని సాధించాను' అని అతడు గర్వించగా, వారణాసిలోని తులాధారుడికి నీవు సాటిరావు అని ఆకాశం నుండి మాట వినబడింది. వెళ్ళి చూస్తే తులాధారుడు సుగంధ ద్రవ్యాలూ రసాలూ అమ్మే వర్తకుడు. తన తక్కెడ సర్వభూతాలకూ సమంగా నిలుస్తుందని అతడు చెప్పాడు. ఈ కథను లోకం తరచు జాజలి గర్వభంగంగానే చెప్పుకొంటుంది. తక్కెడను రోజుకు ఎన్నిసార్లు చేతబట్టాలో, ప్రతిసారీ అవతలి మనిషి ఎదుటనే ఉంటాడని ఎవరూ అంతగా పట్టించుకోరు. ఆయనకు తగిలినది ఆ వైపే.

మార్గదర్శకురాలితో ఆయన విషయం దాచలేదు. తన సంస్థ లెక్కలను అధ్యయనం నుండి తొలగించవచ్చునా అని అడిగారు. "తొలగించడానికి పద్ధతి ఉంది సర్. పరిశోధకునికి ఆ సంస్థతో సంబంధం ఉన్నదని వ్రాసి వదిలేయవచ్చు. అందులో తప్పు లేదు. కాని మీరు వదిలేస్తున్నది ఆ కారణంతోనేనా, అది మీరే చూసుకోవాలి" అన్నారామె. పూర్వమీమాంసలో పూర్వపక్షాన్ని ప్రతిపక్షి చేత చెప్పిస్తారు. ఇక్కడ పూర్వపక్షీ ఆయనే, సిద్ధాంతీ ఆయనే.

సంస్థ నిరభ్యంతర పత్రం ఇవ్వకపోతే పరిశోధన నిలిచిపోతుంది. ఉద్యోగానికే ముప్పు వస్తే కుమార్తె చదువుకు తెచ్చిన అప్పు ఉంది. ఇవన్నీ తెలిసే ఆయన పై అధికారి వద్దకు వెళ్ళి, ఇకమీదట తన విభాగంలో గేటు తేదీనే స్వీకృతి తేదీగా వ్రాస్తానని చెప్పారు. 'పీహెచ్‌డీ మీదా, కంపెనీదా?' అని ఆ అధికారి నవ్వారు. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆయన ఆ సాయంత్రం నుండే అలా వ్రాయడం మొదలుపెట్టారు. నిరభ్యంతర పత్రపు పునరుద్ధరణ మాత్రం నేటికీ అధికారి బల్లమీదనే ఉంది.

వృద్ధుని సొమ్ము మూడు వారాలకు అందింది, వడ్డీ లేకుండా. ఆయన మళ్ళీ చర్లపల్లికి వెళ్ళారు. ఈసారి వృద్ధుడు స్టూలు వేసి కూర్చోబెట్టి, టీ తెప్పించి, గంటన్నరసేపు అన్ని ప్రశ్నలకూ సమాధానం చెప్పాడు. వెళ్ళబోతుండగా ఇంటిపేరు అడిగాడు. చెప్పగానే కాసేపు ఆయన ముఖంలోకే చూసి, "మీ నాయిన షెడ్డు గీ సందుల్నే ఉండె గదా" అని, సందు చివర ఇప్పుడు మంచినీళ్ళ ప్లాంటు నడుస్తున్న రేకుల కప్పును చేతితో చూపించాడు. ఆయన అక్కడిదాకా నడిచి వెళ్ళి, నీళ్ళ డబ్బాలు దింపుతున్న పిల్లవాడు దారి ఇమ్మని అడిగేదాకా ఆ ద్వారం ముందు నిలబడ్డారు.