పదుమూడవ యక్షరము

ప్రస్తారము, నష్టము, ఉద్దిష్టము అను ఛందఃప్రత్యయములను విననివారు మన పండితులలో నుండరు. అయినను వానిని చేతితో లెక్కించువారు నేడు మిక్కిలి తక్కువ. వృత్తమునకు గణములు తెలిసిన చాలును, ప్రస్తారసంఖ్యతో నేమి ప్రయోజనమని పలువురి యభిప్రాయము. ఆ సంఖ్యయే యొక గ్రంథపరిష్కరణమున అక్కఱకు వచ్చిన విధ మిచ్చట చెప్పదగియున్నది.

తెలుగుశాఖలో నొక యుపన్యాసకుడు చిన్న లక్షణగ్రంథ మొకదానిని మూడు తాళపత్రప్రతుల యాధారమున పరిష్కరింప బూనెను. పాఠాంతరములను సేకరించినది అతడు కాదు. పదవీవిరమణ మొందిన అతని గురువుగారు. ఆయన పదేండ్లకు పైగా ప్రతులను సరిచూచి, నోటుపుస్తకములలో పెన్సిలుతో వ్రాసి యుంచిరి. ఒక ప్రతి యిప్పటికే పొడియగుచున్నది. ఆయన చూపును మందగించినది. కావున అచ్చునకును, కంప్యూటరుపై చదువుటకును ఒకే మూలము చాలునట్లు గ్రంథమును ఒక్క ఫైలులో సిద్ధము చేయవలెనని శిష్యుడు నిశ్చయించెను.

ఒక్క ఫైలే యైనను అందు మూడు భాషలు కావలసివచ్చెను. పద్యములకును పాఠాంతరములకును టి.ఇ.ఐ. అను అంకనభాష తగినది. 1987లో అమెరికాలోని వాసర్ కళాశాలయందు జరిగిన విద్వత్సమావేశమున దానికి బీజము పడినది. నేడు వాడుకలో నున్న ‘పి5’ రూపము 2007లో వెలువడినది. పద్యము, పాదము, స్వీకృతపాఠము, త్యక్తపాఠము, ప్రతిసంకేతము - పరిష్కర్త మనస్సులో నుండు విభాగముల కన్నిటికిని అందు పేరులు కలవు. పాదమునకు శాస్త్రోక్తమైన లఘుగురుక్రమ మొకచోటను, ప్రతిలో నిజముగా కానవచ్చిన క్రమము వేఱొకచోటను వ్రాసికొనుటకు గూడ వీలున్నది. కాని ఉద్దిష్టగణనమునందలి కూడికలను, రెండు యొక్క ఘాతములను గణితరీతిని చూపుటకు మ్యాథ్‌ఎంఎల్ కావలెను. ఖండమేరువును గడులతో గీయుటకు ఎస్‌విజి కావలెను. మూడును 1998లో స్థిరపడిన ఎక్స్‌ఎంఎల్ వ్యాకరణమును అనుసరించునవే గనుక కలిసి యుండుటకు అడ్డు లేదు. అయితే ‘టెక్స్ట్’ అను గుర్తు టి.ఇ.ఐ. లోను ఉన్నది, ఎస్‌విజి లోను ఉన్నది. మొదటిచోట దానికి గ్రంథభాగమని యర్థము, రెండవచోట పటముమీది అక్షరములని యర్థము. ఈ చిక్కు తీర్చుటకే 1999లో నేమ్‌స్పేసుల నియమ మేర్పడినది. ఒకే యూరిలో నలుగురు సుబ్బారావు లున్నప్పుడు ఇంటిపేరుతో పిలుచుట వంటి దది.

భాషలు కలసిమెలసి యుండుట నేర్చినవి గాని, వానిని దిద్దు సాధనము లన్నియు ఆ మర్యాదను నేర్చినవని చెప్పుటకు వీలులేదు. ఫ్రాన్సులోని ఇన్రియాయు, డబ్ల్యు3సియు 1996 నుండి పెంచిన అమాయా యను ఎడిటరు వెబ్ పుటను, గణితమును, పటమును ఒక్క కిటికీలో చూపి దిద్దనిచ్చెడిది. అందు దూరదృష్టి యున్నది. కాని 2012 తరువాత దానికి క్రొత్తకూర్పు రాలేదు, పద్యపాఠాంతరముల గోల దానికి పట్టదు. జేమ్స్ క్లార్క్ వ్రాసిన ఎన్‌ఎక్స్‌ఎంఎల్ మోడ్ 2009లో ఎమాక్స్‌తో చేరినది. అది సొగసు లెఱుగదు. క్లార్క్, మురాత మకోతోలు 2001లో రూపొందించిన రిలాక్స్ ఎన్‌జి స్కీమా ననుసరించి, టైపు చేయుచుండగనే తప్పు క్రింద గీత గీయును; అడుగనిదే ఫైలును సర్దదు. టి.ఇ.ఐ. వారు గణితము చేర్చిన స్కీమాను, పటము చేర్చిన స్కీమాను సిద్ధముగా నిచ్చుచున్నారు గనుక ఇది చక్కని మార్గమే. 2006 నాటి ఎన్‌విడిఎల్ అను ప్రమాణ మింకొక దారి చూపినది: నేమ్‌స్పేసును బట్టి పత్రమును ద్వీపములుగా విడదీసి, ఒక్కొక్క ద్వీపమును దాని దాని స్కీమాకు అప్పగించుట. వెల యిచ్చి కొనవలసిన ఆక్సిజన్ వంటి ఎడిటరులు ఈ రెండు పద్ధతులను ఎఱుగును.

మన లిపుల కింకొక బాధ కలదు. ‘స్త్రీ’ యనునది మనకు ఒక యక్షరము; కంప్యూటరునకు ఆఱు సంకేతములు. ఒక ప్రతిలో గుడియు, ఇంకొక ప్రతిలో గుడిదీర్ఘమును ఉన్నవను భేదమును చూపబోయి, హల్లు ట్యాగునకు వెలుపలను, అచ్చుగుర్తు లోపలను చిక్కినయెడల తెఱపై తఱచుగా చుక్కల వలయ మొకటి ప్రత్యక్షమగును. అక్షరమును పూర్తిగా ట్యాగులోనికి తీసికొనుటయే దీనికి విరుగుడు. శిష్యుడు దీనిని తొలివారముననే గ్రహించెను. గ్రహింపనిది వేఱొకటి.

అతడు కొన్నాళ్లు మఱియొక ఎడిటరును వాడెను. దాని పేరిచట అనవసరము. అది భద్రపఱచు ప్రతిసారియు ఫైలును అందముగా సర్దును. ట్యాగు మొదలైనచోట పంక్తి విఱిచి, కొంత ఖాళీ విడిచి, మెట్లుమెట్లుగా పేర్చును. ఖాతాపుస్తకమున కది మేలే. ఒక ఉత్పలమాల పాదమున ‘కవిప్రవరేణ్యులందు’ అని రెండు ప్రతులలోను, ‘కవిప్రకరంబులందు’ అని మూడవదానిలోను ఉన్నది. భేదము ‘ప్ర’తో మొదలగు భాగముననే గనుక పాఠాంతరపు ట్యాగు ‘కవి’ తరువాత తెఱచుకొన్నది. ఎడిటరు అచ్చట పంక్తి విఱిచెను. సమాసము రెండు మాటలైనది.

గద్యమున నిట్టిది కంటికి కొంచెము కష్టము, అంతే. పద్యమున నట్లు కాదు. సమాసములో ‘ప్ర’కు ముందున్న ‘వి’ గురువు. విడిమాటలుగా తెలుగు సంప్రదాయమున అది లఘువు. పాదమును చదివి లఘుగురువులను గుర్తించి, ప్రస్తారసంఖ్యను గణించి మ్యాథ్‌ఎంఎల్‌లో వ్రాయుటకు శిష్యుడు కూర్చిన చిన్న ప్రోగ్రాము, ఖాళీని చూచి ‘వి’ని లఘువని నమ్మెను. యతిస్థానము పదియవ యక్షరము గనుక అది చెడలేదు. చూపు అక్కడ నిలువలేదు. ఇట్టివి మఱికొన్ని తోచెను. వానికన్నిటికిని శిష్యుడు పాదసూచికలో ‘గణభంగము, లేఖకదోషము’ అని వ్రాసి, ప్రూఫులను గురువుగారికి పంపెను. తాళపత్రమునందలి పాదమును అతడు మరల చూడలేదు. నేరమెల్ల ఇక్కడనే యున్నది.

గురువుగారు భూతద్దముతో అంకెలనే చూచిరి. అంకెలు పెద్దవిగా అచ్చైనవి గాబోలు. మఱునాడు శిష్యుని పిలిపించి, “ఉత్పలమాల సంఖ్య యెంత నాయనా?” అని అడిగిరి.

“కృతిచ్ఛందమున పదిలక్షల నలువదియెనిమిదివేల అయిదువందల డెబ్బదియాఱు వృత్తములలో 355799వది గురువుగారూ.”

“నీ పట్టికలో 359895 అని యున్నది. తీసివేసి చూడు.”

4096 వచ్చెను. ఉద్దిష్టమున మొదటి యక్షరము క్రింద 1, రెండవదాని క్రింద 2, మూడవదాని క్రింద 4 - ఇట్లు రెట్టింపు చేయుచు పోయి, లఘువుల క్రింది అంకెలను మాత్రము కూడి ఒకటి చేర్చుదుము. 4096 పడునది పదుమూడవ యక్షరము క్రింద. అనగా అయిదవ గణమైన భగణము నగణమైనది, తక్కినదంతయు సరిగానున్నది. గురువుగారు పాదమును చదువకయే ఇంతవఱకు వచ్చిరి. తరువాత నోటుపుస్తకము తెప్పించి చూచిరి. అందు ‘కవిప్రవరేణ్యులందు’ అని కలిపి వ్రాసియున్నది.

“లేఖకుడు తప్పు వ్రాయలేదు నాయనా. ఆ మాట తీసివేయుము.”

శిష్యుడు వారము దినములు ఆ పనిలో నుండెను. పాదములకు ఖాళీలను ముట్టవలదను ఎక్స్‌ఎంఎల్ సూచనను చేర్చెను. అది సూచనయే, మన్నించుటయు మన్నింపకుండుటయు సాధనము ఇచ్ఛ. కావున సర్దుబాటు చేయు ఎడిటరును మానివేసి ఎమాక్స్‌కు మరలెను. స్కీమా యొక్కటి చాలదని కూడ తెలిసెను. గుర్తులు సరియైనచోట నున్నవా యని అది చెప్పగలదు; పద్యద్వీపమునకును గణితద్వీపమునకును పొందిక యున్నదా యని చెప్పజాలదు. దానికి 2006లో ప్రమాణమైన స్కీమట్రాన్ నియమములను వ్రాసెను: శాస్త్రోక్తక్రమమును, ప్రతిలో కనబడిన క్రమమును, మ్యాథ్‌ఎంఎల్‌లోని సంఖ్యను ఒకదానితో నొకటి సరిచూచి, పొసగనిచోట పాదము గుర్తును, తేడా సంఖ్యను చూపుటకు.

లేఖకుని నిందించిన సూచికలలో రెండు తప్ప తక్కినవన్నియు తొలగినవి. ఆ రెండుచోట్లను తేడా 64 ఒకటి, 1024 ఒకటి. తాళపత్రమునే తెచ్చి చూచిరి. ఏడవ యక్షరమును, పదునొకండవ యక్షరమును అందే చెడియున్నవి. శిష్యుడు సవరింపబోగా గురువుగారు వారించి, ఉన్నది ఉన్నట్లే యుంచి ప్రక్కన సవరణ చూపుమనిరి. టి.ఇ.ఐ. లో దానికి వేఱుగా రెండు గుర్తులున్నవని విని, ఆ గుర్తుల పేరులను నోటుపుస్తకము అంచున వ్రాసికొని, తరువాతి పద్యమునకు పుట త్రిప్పిరి.