మా ఇంటి దూలం

కిందటేడు మన కాలేజీ వక్తృత్వపు పోటీలో ఇచ్చిన విషయం "చారిత్రక కట్టడాలను కాపాడుకోవాలా?" అని. కాపాడుకోవాలనే పక్షాన నేను మాట్లాడాను. రామప్ప గుడిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడనీ, దాని శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ళమీద తేలుతాయనీ, 2021లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిందనీ చెప్పాను. మన ఖమ్మం ఖిల్లానూ, జాఫర్ బావినీ వదల్లేదు. చప్పట్లు మోగాయి. మొదటి బహుమతి నాకే వచ్చింది.

ఆ కప్పు సంచిలో పెట్టుకొని, శనివారం సాయంత్రం వైరా, తల్లాడల మీదుగా బస్సులో కల్లూరు చేరాను. చూద్దును గదా, మా ఇంటి కప్పు మీద మనుషులున్నారు. పెంకులు దించుతున్నారు.

నాకు తెలియని సంగతేమీ కాదది. ఇల్లు తీసేసి స్లాబు వేద్దామని నాన్నగారు దసరాకే చెప్పారు. "సరే" అన్నాను. కొత్త ఇంట్లో నాకో గది వస్తుందన్న ఆశ నాది. నాన్నగారిది తప్పని ఇప్పుడూ అనలేను. ఏటా తొలకరికి ముందు పెంకు నేయించాలి. నేసేవాళ్ళు దొరకరు. వానాకాలమంతా గదికో గిన్నె పెట్టి పడుకునేవాళ్ళం. పైగా బాబాయి వాటా తేలాలి.

నాయనమ్మ ఎదురింటి అరుగు మీద కూర్చుని ఉంది. కప్పు చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి, "గుళ్ళ గురించి, కోటల గురించి బాగా చెప్పావంట గదరా. మరి మనిల్లు గురించి చెప్పావా?" అంది. కోపంగా అనలేదు. ఊరికే అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

మాది మండువా ఇల్లు. మధ్యన ఆకాశం, చుట్టూ వసారా, పదహారు టేకు స్తంభాలు. గోడలకు గానుగ సున్నం. చిన్నప్పుడు ఆ స్తంభాల చాటున దాగుడుమూతలాడానే గాని, అవి ఏం మోస్తున్నాయో ఏనాడూ తలెత్తి చూడలేదు. ఆ రోజు చూపించినవాడు మా ఊరి వడ్రంగి తాత. "ఈ బెజ్జం చూడు బాబూ. ఎక్కడా మేకు లేదు. దూలం కొన ఇందులో దూర్చి కర్రచీల కొట్టారు. మా నాయన చేతిపని. వాళ్ళకి చెప్పు, కొయ్యొద్దు, విప్పమను. విప్పితే మళ్ళీ నిలబెట్టుకోవచ్చు" అన్నాడు. పనివాళ్ళకు తొందర. విప్పడానికి నాలుగు రోజులు, కొయ్యడానికి ఒక్క పూట. కోశారు.

ఆ రాత్రి, ఫిలిప్పీన్స్‌లో డాక్టరీ చదువుతున్న మా బావకు ఇల్లు పోయిన సంగతి తెలియజేశాను. జవాబుగా విగన్ అనే ఊరి ఫోటోలు పంపాడు. 1999లో యునెస్కో గుర్తించిన ఊరది. వరసగా పాత మేడలు. కింద రాయి, ఇటుక, పైన కలప. కిటికీలకు గాజుకు బదులు పల్చని ఆల్చిప్పలు. వాటిని "బహాయ్ నా బాతో", అంటే రాతి ఇల్లు, అంటారట. పేరుకే రాతి ఇల్లు. పై అంతస్తునూ కప్పునూ మోసేది లోపలి కొయ్య స్తంభాలే. అది భూకంపాల దేశం మరి. ఆ మేడలకు మూలం వెదురుతో, ఆకుతో కట్టే పల్లె ఇల్లు. భద్రాచలం దారిలో కోయగూడేలలో వెదురు తడికకు మట్టి మెత్తి కట్టిన ఇళ్ళను చూసినవారికి ఆ సంగతి ఇట్టే అర్థమవుతుంది.

వాళ్ళకూ నష్టాలున్నాయి. 1945 యుద్ధంలో మనీలా పాతకోట ఇంట్రామురోస్ నేలమట్టమై, ఒక్క సాన్ అగస్తీన్ చర్చి మిగిలింది. 2022 జులై భూకంపంలో విగన్ ఇళ్ళు కొన్ని దెబ్బతిన్నాయి. అయినా వాళ్ళు కాపాడుకున్నది ఒక రాజుగారి కోటను కాదు, మనుషులు కాపురాలు చేసిన వీధిని.

మనకూ చట్టముంది, 2017లో వచ్చింది. హైదరాబాదులో ఇర్రం మంజిల్‌ను కూల్చాలన్న నిర్ణయాన్ని 2019లో హైకోర్టు కొట్టేసింది. సంతోషమే. కాని మా ఇల్లు ఏ జాబితాలోనూ లేదు. దాని తరఫున ఎవరైనా నోరు విప్పాల్సి ఉంటే, అది నేనే. కనీసం "కొయ్యకండి" అనైనా అనాల్సింది. వక్తృత్వంలో బహుమతి పొందినవాడికి ఆ ఒక్క మాట పెగల్లేదు.

కొత్త ఇల్లు పూర్తయింది. నాకు గది వచ్చింది, వాన కారదు. కోసిన దూలం ముక్క ఒకటి, బెజ్జంతో సహా, అడిగి ఉంచుకున్నాను. కప్పు దానిమీదే పెట్టాను.

మిత్రులారా! ఇళ్ళు కూల్చొద్దని చెప్పే అర్హత నాకు లేదు. ఒక్క మనవి. ఈ సెలవుల్లో మీ ఊళ్ళో ఒక్క పాత ఇంటికి వెళ్ళండి. టేపు పట్టి కొలవండి. దూలం ఎక్కడ కూర్చుందో, చీల ఎక్కడ పడిందో బొమ్మ గీయండి. కట్టినవారి మనుమలెవరైనా ఉంటే అడిగి రాసుకోండి. వచ్చే సంచికలో వాటికి నాలుగు పేజీలు కేటాయించమని యూనియన్ వారిని కోరుతున్నాను. మొదటి బొమ్మ నాది కాదు, నా ఇల్లు లేదు. మీలో ఎవరిదైనా కావచ్చు.