ఘనపూర్ దారిలో బటన్ బ్రేకు బుగులు

ఓరుగల్లు ప్రాంతంలో ‘ఘనపూర్ పోవాలె’ అంటే ఎదుటివాళ్ల నుంచి వచ్చే మొదటి ప్రశ్న... ‘ఏ ఘనపూర్?’ రైలు ఘనపూర్ ఒకటి, గుళ్ల ఘనపూర్ ఒకటి. ఒకదాని నుంచి ఇంకోదానికి దాదాపు 100 కిలోమీటర్లు. వెడల్పాటి జాతీయ రహదారి, పక్కన గుట్టలు, చెరువు కట్టలు, బొగ్గు లారీలు... అన్నీ తగులుతాయి ఈ దారిలో. కారు నడిపేవారి పనితనానికి ఇదో చక్కని పరీక్ష. గేర్లు చేత్తో మార్చుకోవాల్సిన కారులో హ్యాండ్ బ్రేకు లివర్ తీసేసి బటన్ పెట్టి ఉంటే... పరీక్ష ఇంకాస్త కష్టం!

పేరొకటే... ఊళ్లెన్నో!

జనగామ జిల్లాలోనే రెండు ఘనపూర్‌లున్నాయి. సికింద్రాబాద్ - కాజీపేట రైలు మార్గంలో ఉన్నది స్టేషన్ ఘనపూర్. జీడికల్ రామచంద్రస్వామి గుడి ఉన్న మండలం లింగాల ఘనపూర్. ఇవి చాలవన్నట్టు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ములుగు ఘనపూర్ ఉంది. గణపురమే వాడుకలో ఘనపూర్ అయింది. పాలమూరు వైపు వెళితే గుట్ట మీద కోట ఉన్న ఖిల్లా ఘనపూర్ మరొకటి. అందుకే బస్సెక్కినా, ఉత్తరం రాసినా ఊరి పేరుకు ముందు తోకో తలో తగిలించక తప్పదు.

హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారి మీద జనగామ దాటాక స్టేషన్ ఘనపూర్ వస్తుంది. అక్కడికి దగ్గర్లోనే చిల్పూర్ గుట్ట. ఆ గుట్ట మీద కొలువైన దేవుడికి ఎక్కడా వినని పేరు... బుగులు వేంకటేశ్వరస్వామి. బుగులంటే ఇక్కడి మాటలో దిగులు, భయం. కుబేరుడి అప్పు ఎలా తీర్చాలా అన్న బుగులుతో స్వామి ఇక్కడి గుహకు వచ్చాడని స్థలపురాణం. దేవుడికే తప్పని బుగులు, గుట్ట వాలులో కారు ఆపిన డ్రైవరుకు తప్పుతుందా!

లివర్ ఉన్న రోజుల్లో...

ఎత్తు మీద ఆగిన కారును వెనక్కి జారకుండా కదిలించడం డ్రైవింగ్ నేర్చుకునే ప్రతివాళ్లకూ గండమే. ఎడమ కాలు క్లచ్ మీద, కుడి కాలు బ్రేకు మీద. ముందుకు కదలాలంటే కుడి కాలు బ్రేకు వదిలి యాక్సిలేటరు మీదకు వెళ్లాలి. ఆ అరక్షణంలోనే బండి వెనక్కి జారుతుంది. అప్పుడు ఆదుకునేది మూడో కాలు లాంటి హ్యాండ్ బ్రేకు.

లివర్ లాగి ఉంచి, మొదటి గేరు వేసి, క్లచ్ మెల్లగా వదులుతారు. ఇంజిన్ శబ్దం కాస్త బరువెక్కుతుంది. కారు ముక్కు పైకి లేచినట్టవుతుంది. క్లచ్ పట్టుకుందని ఒంటికే తెలిసిపోతుంది. అప్పుడు లివర్‌ను కొంచెం కొంచెంగా దించుతారు. బండి తొణక్కుండా ముందుకు సాగుతుంది. కేంద్ర మోటారు వాహన నియమాలు (1989)లోని 15వ నియమం కూడా ఈ విద్యను అడుగుతుంది. నిటారు ఎత్తులో ఆగి, వెనక్కి జారకుండా మళ్లీ కదలగలగాలి. అందుకు హ్యాండ్ బ్రేకును గానీ, యాక్సిలేటరును, కాలి బ్రేకును గానీ సరిగ్గా వాడాలి. లైసెన్సు పరీక్షలో చూసే అంశాల్లో ఇదొకటి.

అంటే లివర్ ఒట్టి ఇనప కడ్డీ కాదు. బండి ఎంత బరువుగా ఉందో, నేల ఎంత వాలుగా ఉందో చేతికి చెప్పే సాధనం. దాన్ని తీసేస్తే డ్రైవరుకు చిరాకు వేయడంలో వింతేముంది?

బటన్ ఎలా వచ్చింది?

ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు కొత్తదేం కాదు. 2001లో యూరప్‌లోని ఖరీదైన కార్లలో కనిపించింది. బీఎండబ్ల్యూ 7 సిరీస్ వాటిలో ఒకటి. అలాంటి పెద్ద కార్లు ఎక్కువగా ఆటోమేటిక్ గేర్లవి. క్లచ్ పెడలే లేదు కాబట్టి పేచీ రాలేదు. 2005 నాటి ఫోక్స్‌వ్యాగన్ పసాట్ లాంటి కార్లతో అది మాన్యువల్ గేర్ల బళ్లలోకీ వచ్చింది. మన దేశంలో 2017లో విడుదలైన జీప్ కంపాస్‌లో మాన్యువల్ గేర్ల రకానికి కూడా బటనే ఇచ్చారు. లివర్ పోతే సీట్ల మధ్య జాగా మిగులుతుంది. కప్పులు పెట్టుకోవచ్చు, చూడ్డానికీ సొంపుగా ఉంటుంది.

పని చేసే తీరు తేలికే. బటన్ లాగితే వెనక చక్రాల బ్రేకుల దగ్గరున్న చిన్న మోటార్లు జుయ్‌మని తిరుగుతాయి. మర లాంటి కడ్డీ ముందుకు జరిగి బ్రేకు ప్యాడ్లను డిస్కుకు బిగిస్తుంది. మీటర్ల పలక మీద ఎర్రదీపం వెలుగుతుంది. వదలాలంటే ఇగ్నిషన్ ఆన్‌లో ఉండాలి, కాలి బ్రేకు తొక్కాలి, అప్పుడు బటన్ నొక్కాలి. ఇంకో దారి కూడా ఉంది. సీటు బెల్టు పెట్టుకుని, తలుపు మూసి, గేరు వేసి, క్లచ్ వదులుతూ యాక్సిలేటరు తొక్కితే చాలా కార్లలో బ్రేకు దానంతటదే వదులుతుంది.

అసలు తగాదా ఈ ‘దానంతటదే’ దగ్గరే! క్లచ్ ఎంత లేచింది, ఇంజిన్ ఎంత బలంగా లాగుతోంది, నేల ఎంత వాలుగా ఉంది... ఇవన్నీ సెన్సర్లు చూసి కంప్యూటరు నిర్ణయం తీసుకుంటుంది. కానీ క్లచ్ అరిగేకొద్దీ అది పట్టుకునే చోటు మారుతుంది. డ్రైవరు ఒకచోట అనుకుంటాడు, కంప్యూటరు ఇంకోచోట అనుకుంటుంది. ఇద్దరికీ కుదరకపోతే బండి కుదుపుతో దూకుతుంది, లేదా ఇంజిన్ ఆగిపోతుంది. వెనక వరుసలో ఉన్నవాళ్లు హారన్లు మోగిస్తారు. ఆ నిమిషంలో పుట్టేదే అసలు బుగులు!

పైగా లివర్‌ను సగం దించొచ్చు, పావు దించొచ్చు. బటన్‌కు అవి తెలియవు. ఉంటే పూర్తిగా, లేకుంటే అసలే లేదు.

తోసుకుందామంటే కదలదు!

మన దగ్గర బండి నిలిపే పద్ధతులు వేరు. జాతర రోజున గుడి ముందు, పెళ్లి రోజున ఫంక్షన్ హాలు ముందు ఒక కారుకు అడ్డంగా ఇంకో కారు పెట్టాల్సి వస్తుంది. ‘అన్నా, న్యూట్రల్‌ల పెట్టి పో... హ్యాండ్ బ్రేకు వెయ్యకు’ అని చెప్పడం అందరూ విన్నదే. వెనక కారు బయటికి రావాలంటే నలుగురు కలిసి ముందు కారును తోసేస్తారు. ఇంజిన్ ఆపగానే బ్రేకు తనే బిగుసుకునే కార్లు వచ్చాక ఆ మర్యాదకు గండి పడింది. ఎంతమంది తోసినా వెనక చక్రాలు కదలవు. కారు యజమాని భోజనాల బంతిలోంచి లేచి రావాల్సిందే.

మరో అలవాటు... తలుపు కొంచెం తెరిచి, తల బయటపెట్టి చూస్తూ రివర్స్ చేయడం. ఇరుకు సందుల్లో, చెరువు కట్టల అంచున చాలామంది చేసే పనే. తలుపు తెరిచి ఉంటే, బెల్టు తీసి ఉంటే బ్రేకు తనంతట వదలని కార్లు చాలా ఉన్నాయి. అలవాటైన డ్రైవరుకు ఇది మొండితనంలా కనిపిస్తుంది. డ్రైవరు దిగిపోతున్నాడేమో అన్న అనుమానంతో కారు తీసుకునే జాగ్రత్త అది. తిట్టుకున్నా, ఈ విషయంలో న్యాయం కారు వైపే ఉంది.

ఇక బ్యాటరీ పడుకుంటే కథ ముదురుతుంది. మాన్యువల్ గేర్ల బండికున్న పెద్ద వరం, సెల్ఫ్ పనిచేయకపోయినా తోసి స్టార్ట్ చేసుకోవడం. బ్రేకు బిగిసి ఉండగా బ్యాటరీ పోతే ఆ వరమూ పోయినట్టే. ఇంకో బండి బ్యాటరీ నుంచి తీగలు కలిపి కరెంటు ఇచ్చేదాకా బ్రేకు వదలదు.

వెనక బ్రేకు ప్యాడ్లు మార్చాలన్నా చిక్కే. పాత పద్ధతిలో పిస్టన్‌ను బలవంతంగా వెనక్కి నొక్కితే మోటారు పళ్లచక్రాలు దెబ్బతింటాయి. చాలా కార్లలో ముందు స్కానర్ తగిలించి మోటారును వెనక్కి తిప్పించాలి. చౌరస్తాలో చెట్టు కింద మెకానిక్‌తో అయిపోయే పని కాస్తా పట్నం దాకా వెళ్తుంది.

బొగ్గు లారీ చెప్పే పాఠం

హనుమకొండ, ములుగు దాటి భూపాలపల్లి వైపు మళ్లితే దారి రూపు మారిపోతుంది. ఇది సింగరేణి నేల. ఘనపూర్ మండలంలోని చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. 500, 600 మెగావాట్ల రెండు యూనిట్లు ఇక్కడ బొగ్గుతో నడుస్తాయి. అందుకే ఈ చుట్టుపక్కల దారుల్లో పెద్ద లారీలు, టిప్పర్లు మామూలే.

ఈ పెద్ద బళ్లలో పొడవాటి లివర్ ఎప్పుడో పోయింది. డ్రైవరు పక్కనున్న చిన్న పిడిని జరిపితే ‘బుస్స్’మని గాలి వదులుతుంది. బ్రేకు పడుతుంది. లోపల బలమైన స్ప్రింగు ఉంటుంది. గాలి ఒత్తిడి ఉన్నంతసేపూ అది అణిగి ఉంటుంది. గాలి పోతే స్ప్రింగు విచ్చుకుని చక్రాన్ని పట్టేస్తుంది. అంటే గాలి లేకపోతే లారీ ఆగిపోతుంది తప్ప జారిపోదు.

పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. లివర్ బ్రేకుకు గాలీ కరెంటూ అక్కర్లేదు. కానీ తీగ సాగిపోతే పట్టు తగ్గుతుంది. లారీ బ్రేకు గాలి పోతే బిగుస్తుంది. బటన్ బ్రేకు మాత్రం కరెంటు పోయిన క్షణంలో ఏ స్థితిలో ఉందో అలాగే ఉండిపోతుంది. బిగిసి ఉంటే బిగిసే ఉంటుంది, వదిలి ఉంటే వదిలే ఉంటుంది. కాబట్టి కారు దిగే ముందు ఎర్రదీపం వెలిగిందో లేదో కళ్లారా చూడటం ముఖ్యం. అలవాటుగా బటన్ తాకి దిగిపోతే చాలదు.

ఇన్ని బ్రేకులున్నా ఎత్తులో ఆపిన లారీ చక్రం కింద చెక్కముక్కో రాయో కనిపిస్తుంది. కట్ట మీద ఆపిన ట్రాక్టరు చక్రం వెనకా రాయే! యంత్రాన్ని నమ్మకపోవడం కాదిది. యంత్రానికి తోడు పెట్టడం. మోటారు వాహనాల చట్టం (1988) 126వ సెక్షను చెప్పేదీ అదే. డ్రైవరు సీట్లో ఎవరూ లేనప్పుడు ఇంజిన్ ఆపి, బ్రేకు వేసి, లేదా మరో ఏర్పాటు చేసి, బండి దానంతట కదలకుండా చూడాలి.

బటన్‌లోనూ మంచి ఉంది

నిందలన్నీ వేసి ఊరుకుంటే అన్యాయం. చేతిలో బలం తక్కువున్న పెద్దవాళ్లకు, లివర్ గట్టిగా లాగలేనివాళ్లకు బటన్ ఎంతో సుఖం. హ్యాండ్ బ్రేకు సగం పడి ఉండగానే మైళ్లకొద్దీ నడిపి బ్రేకులు కాల్చుకునే బెడద తగ్గుతుంది. నడుస్తున్న బండిలో కాలి బ్రేకు పనిచేయకపోతే బటన్‌ను లాగి పట్టుకోవాలి. చాలా కార్లలో ఏబీఎస్ సాయంతో చక్రాలు బిగుసుకుపోకుండా బండి నెమ్మదిస్తుంది. అదే లివర్ అయితే ఒక్కసారిగా లాగిన చేతికి కారు గిర్రున తిరిగే ప్రమాదముంది.

ఎత్తు మీద కష్టానికీ మందుంది. హిల్ హోల్డ్ ఉన్న కార్లు కాలి బ్రేకు వదిలాక కూడా రెండు మూడు సెకన్లు బండిని పట్టి ఉంచుతాయి. బటన్ బ్రేకు వేసి ఉంటే తొందరపడి ముందే నొక్కకూడదు. బెల్టు పెట్టుకుని, గేరు వేసి, క్లచ్ పట్టుకునేదాకా వదిలి, కాస్త యాక్సిలేటరు ఇస్తే పని అదే చూసుకుంటుంది. కారు కొన్నవాళ్లు ముందుగా ఖాళీ మైదానంలో, చిన్న వాలు మీద పదిసార్లు చేసి చూస్తే బుగులు సగం తీరుతుంది. కిరాయికి వేరేవాళ్ల కారు నడిపే డ్రైవర్లకు ఇది మరీ అవసరం. ఇవాళ లివర్ బండి, రేపు బటన్ బండి. ఏది ఎలా వదులుతుందో తాళం తీసుకునేటప్పుడే అడగాలి. జారితే పోయేది పక్కవాడి బంపర్ ఒక్కటే కాదు, వెనక ఆడుకునే పిల్లలూ ఉండొచ్చు.

కోటగుళ్ల దగ్గర కాసేపు

దారి చివర దొరికే ప్రతిఫలం కోటగుళ్లు. 13వ శతాబ్దం నాటి కాకతీయుల కట్టడాలివి. ప్రాకారం లోపల చిన్నవీ పెద్దవీ 22 గుళ్లు. నడుమ గణపేశ్వరాలయం. కొన్ని శిథిలమైనా, కొన్ని రాళ్లు ఒరిగినా నల్లరాతి శిల్పాల అందం తగ్గలేదు. మండపం దగ్గర ఏనుగు మీదెక్కిన సగం మనిషి, సగం సింహం రూపాన్ని చూడకుండా రావద్దు. ఎంత పెద్ద బలాన్నైనా అదుపులో పెట్టేవాడు పైన ఉండాలని చెప్తున్నట్టుంటుంది. ఊళ్లోనే గణపసముద్రం చెరువు. సుమారు పది కిలోమీటర్ల దూరంలో 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన రామప్ప గుడి. రెండూ ఒకేరోజు చూడొచ్చు.

పిల్లాపాపలతో వెళ్లేవారు ఎత్తు మీద ఆపితే మొదటి గేరులో, పల్లంలో ఆపితే రివర్స్ గేరులో పెట్టి, బ్రేకు వేసి దిగాలి. చక్రానికో రాయి పెడితే ఇంకా మంచిది. రాయి కోసం వెతుక్కోనక్కర్లేదు. కాకతీయుల నేలలో వాటికి కొదవా! కాకపోతే గుడి రాయి ముట్టొద్దు... దారి పక్కది చాలు.