బుడగ ఎక్కడ పుడుతోంది

అల్యూమినియం స్కూబా ట్యాంకు ఖాళీగా ఉంటే సముద్రంలో తేలుతుంది, నిండుగా ఉంటే మునుగుతుంది. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత మా ట్యాంకులు వెతుక్కోవడానికి ఈ సంగతే దారి చూపింది. ఖాళీవి మడచెట్ల వేళ్లలో ఇరుక్కుని దొరికాయి. నిండువి షెడ్డు దగ్గరే బురదలో కూరుకుపోయి ఉన్నాయి.

ఆ రేకుల షెడ్డు పోర్ట్ బ్లెయిర్‌లో, జంగ్లీఘాట్ ఒడ్డున ఉండేది. దాన్ని నడిపిన, నేను బాబాయ్ అని పిలిచిన మనిషి నాకు చుట్టం కాదు. కళింగపట్నం వైపు నుంచి వేటకి వచ్చి అక్కడే ఉండిపోయాడు. జంగ్లీఘాట్‌లో చాలా ఇళ్లు అలా వచ్చిన తెలుగువాళ్లవే. నేను డైవింగు నేర్చుకుందామని వెళ్తే ఆయన నా చేతికి బ్రష్షు ఇచ్చాడు. పగడాలు చూడాల్సిన వయసులో ఈ ట్యాంకుల మెడలు తోముతూ కూర్చోవడమేమిటని ఉక్రోషంగా ఉండేది. ఆయనకు ఆ సంగతి తెలుసనే అనుకుంటాను. ఒక్కసారీ అడగలేదు.

షెడ్డులో కంప్రెసరు నూనె, ఎండుచేపలు, తడి రబ్బరు వాసనలు కలిసిపోయి ఉండేవి. వాల్వు విప్పగానే ఆయన ముందు ట్యాంకు మూతి దగ్గర ముక్కు పెట్టేవాడు. నూనె వాసన తగిలితే కంప్రెసరు ఫిల్టరు చూడాలి. చెమ్మ వాసన వస్తే లోపల నీళ్లు చేరినట్టే, అడుగున తెల్లపొడి ఉంటుంది.

దానికి ముందు తొట్టి పని. నింపిన ట్యాంకుని సిమెంటు తొట్టిలో ముంచి కదలకుండా చూడాలి. ఒంటికి అంటుకుని వచ్చిన గాలి మొదట బుడగలు కడుతుంది, దాన్ని చేత్తో తుడిచెయ్యాలి. ఆ తర్వాత కూడా ఒకేచోట మళ్లీ మళ్లీ పుట్టే బుడగే అసలుది. వాల్వూ మెడా కలిసేచోట వస్తే అక్కడి రబ్బరు ఓ-రింగు పోయింది. తెరిచినప్పుడు పిడి కింద నుంచి వస్తే లోపలి ప్యాకింగు. మూసినా గాలి వస్తూనే ఉంటే సీటు అరిగింది. ఒత్తిడి మితిమీరితే పగిలి గాలి వదిలేసే చిన్న బిళ్ల ఒకటి ఉంటుంది, అక్కడ కారితే బిళ్ల మార్చాలి. ఇవన్నీ కుదిరే మరమ్మతులు. ట్యాంకు లోహంలోంచే బుడగ వచ్చిందా, నిమిషానికి ఒక్కటైనా సరే, ఇక దానికి మరమ్మతు లేదు. వెల్డింగు పనికిరాదు, పైపూత పనికిరాదు. ఆ గోడ మోస్తున్నది సుమారు 200 బార్ల ఒత్తిడి.

గాలంతా మెల్లగా వదిలేసి, వాల్వు తెరిచే ఉంచి, అప్పుడు మర విప్పాలి. గాలిని ఆపేది ఓ-రింగు గానీ మర బిగుతు కాదు, అందుకే ఒకసారి కదిలాక చేత్తోనే తిరగాలి. తిరక్కపోతే బాబాయ్ పని ఆపేసేవాడు. వాల్వు దారి మూసుకుపోయి లోపల గాలి మిగిలిందేమోనని ముందు అది తేల్చుకునేవాడు. చాలాసార్లు ఉప్పునీళ్లు దూరి, ఇత్తడి వాల్వు పక్కన అల్యూమినియం తినేసి, మర తెల్లగా పట్టుకుపోయి ఉండేది. ఓ-రింగు కూర్చునే చోట సూదితో గీకబోతే నా చెయ్యి పట్టుకున్నాడు. అక్కడ గీత పడితే ఎంత కొత్త రింగు వేసినా కారుతుంది. వెదురుపుల్ల చెక్కి ఇచ్చాడు. అడుగున తొడిగే రబ్బరు బూటు కింద ఉప్పునీళ్లు నిలిచి గుంటలు పడతాయని, అది ఊడదీయకుండా ఏ ట్యాంకునీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

తీగకి కట్టిన బల్బు లోపలికి దింపి, పళ్ల డాక్టర్లు వాడే అద్దంతో మెడ లోపలి మర చూసేవాళ్లం. లక్స్‌ఫర్ కంపెనీ అమెరికాలో 1988 నడిమి దాకా 6351 అనే మిశ్రమంతో ట్యాంకులు చేసి, తర్వాత 6061కి మారింది. పాత లోహంలో ఏళ్ల తరబడి ఒత్తిడి మోసిన మెడ లోపల బీటలు పుడతాయి. చాలావరకు కారి బయటపడతాయి, కొన్ని నింపుతుండగానే పేలాయి. మిశ్రమం పేరు ట్యాంకు మీద కొట్టి ఉండదు, భుజం మీది నెల, సంవత్సరం చూసి గ్రహించాలి. మా దగ్గర అలాంటివి ఎన్ని ఉండేవో మరిచిపోయాను. ఒకదాని మీద 85 అని ఉండటం మాత్రం కళ్లకు కట్టినట్టుంది.

సునామీ తర్వాత నేల కుంగిపోయి, పోటుకి నీళ్లు షెడ్డు గుమ్మం దాకా వచ్చేవి. సిప్పీఘాట్ పొలాలు సముద్రంలోనే ఉండిపోయాయి. బురద కడిగి ట్యాంకులు చూస్తున్న రోజుల్లో ఒక వేటగాడు వచ్చాడు. అతని పడవ ఇంజనుతో సహా మునిగింది. మొహం గుర్తులేదు, 85 ట్యాంకు మీద వేసిన అతని చెయ్యి గుర్తుంది. ఆ పొద్దునే దాని మెడలో బీట కనబడింది. నాకది గీతలాగే ఉంది. "ఈ ఒక్క పూటకే" అని అతను బతిమాలాడు. నేనైతే ఇచ్చేసేవాణ్ణి.

"ఒగ్గీరా. నింపినోడికీ ముప్పే, మోసినోడికీ ముప్పే" అన్నాడు బాబాయ్. ఇంకోటి సరిచేసేదాకా ఆగమన్నాడు. అతను ఆగలేదు. ఊపిరి బిగబట్టి మునిగి, తాడు కట్టి పడవ లాక్కున్నాడు. ఇంజను దక్కలేదు. ఆ తర్వాత అతను చాలాకాలం బాబాయ్‌తో మాట్లాడలేదు. బాబాయ్ ఆ సాయంత్రమే ట్యాంకు మరని రంపంతో కోసేశాడు. రేపు ఇంకెవరైనా ఏడిస్తే తన మనసు మారుతుందేమోనని భయం.

అమెరికాలో 2007 నుంచి 6351 ట్యాంకులకి, ఐదేళ్లకోసారి చేసే హైడ్రో పరీక్షతో పాటు ఎడ్డీ కరెంటు పరీక్ష కూడా తప్పనిసరి చేశారు. మెడలో దించిన ప్రోబు బీటని గీతగా తెర మీద చూపిస్తుంది. ఇప్పుడు నా దగ్గరా ఆ పరికరం ఉంది, అయినా అద్దం పక్కన పెట్టలేదు. ఆమధ్య కారు రంగుల షెడ్డులో వేడి పెట్టి నీలం రంగు వేయించిన ట్యాంకొకటి వచ్చింది. చూడ్డానికి ఎంతో బాగుంది. ఆ వేడికి అల్యూమినియం బలం పోతుంది, పైకి ఏమీ తెలియదు. పనికిరాదని చెప్పాను. ఇలాంటప్పుడు యజమాని ఒప్పుకుంటే అక్కడే మర కోసేస్తాను. ఒప్పుకోకపోతే గాలి నింపను. ఇంకో కొట్టుకి వెళ్తామంటారు. వాళ్లు గేటు దాటేలోగా చుట్టుపక్కల కొట్లన్నిటికీ ఫోను చేసి ట్యాంకు నంబరు చెప్పేస్తాను.